ఒకే రాయి, రెండు రంగులు

నల్లరాతిని సానపడితే నిగనిగలాడే నలుపు వస్తుంది. అదే రాతిని ఉలిమొనతో పొడిస్తే బూడిద తెలుపు తేలుతుంది. రంగు డబ్బా ముట్టకుండా ఈ రెండింటితోనే బొమ్మంతా గీయగలగడం ఆళ్లగడ్డ శిల్పుల పనితనంలో నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి. ప్రారంభోత్సవాల శిలాఫలకాలు చూసిన ప్రతివారికీ ఇది కొంత తెలిసిందే. నల్లటి పలక మీద చెక్కిన అక్షరం తెల్లగా కనబడుతుంది. కాని అక్షరం చెక్కడం వేరు, తామర రేకు చెక్కడం వేరు. రేకు మీద నలుపు ఎక్కడ ఆగాలో, తెలుపు ఎక్కడ మొదలవ్వాలో అడుగడుగునా తేల్చుకోవాలి.

నంద్యాలలో మా ఇంటి గేటుకు అటొకటి ఇటొకటి రెండు రాతి దీపాలున్నాయి. మా నాన్న ఆళ్లగడ్డలో చెప్పి చేయించినవి. ఈ మధ్య ఇంటికి రంగులు వేయిస్తుంటే పెయింటర్ వాటి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "వీటికి గూడా ఒక కోటు కొట్టేద్దామన్నా, కొత్తవైపోతాయి" అన్నాడు. "బంగారు రంగే వేయించు బావా, ముందు కూడా అదే కదా ఉండేది" అని మా బావమరిది వంత పాడాడు. ఆ మాట నిజమే. ఎప్పుడో ఇంట్లో పెళ్లికి ఎవరో ఉత్సాహం కొద్దీ కుడివైపు దీపానికి బంగారు ఎనామిల్ కొట్టించారు. ఎడమదాని దగ్గరికి వచ్చేసరికి డబ్బా అయిపోయిందో, ముహూర్తం ముంచుకొచ్చిందో గాని అది మాత్రం బతికిపోయింది. దానివల్ల ఒక మేలు జరిగింది. ఒకే చేతి పనిని రంగుతో ఒకటి, రంగు లేకుండా ఒకటి పక్కపక్కనే చూసుకునే వీలు దొరికింది.

ముందు రంగు పడని దీపం సంగతి. ఎత్తు మనిషి నడుము దాకా వస్తుంది. నాలుగు స్తంభాల చిన్న మంటపం లాంటిది. కింది పీఠాన్ని గుడి అధిష్ఠానం లెక్కనే కట్టారు. అడుగున ఉపానం, దాని మీద జగతి, గుండ్రంగా ఉబ్బిన కుముదం, లోపలికి తగ్గిన కంఠం, ఆపైన వంగిన కపోతం. ఇంత చిన్న వస్తువుకు ఇంత శాస్త్రం ఎందుకని అడగొచ్చు. పొద్దున ఎండ పక్కనుంచి పడేటప్పుడు చూస్తే తెలుస్తుంది. కుముదం మీద వెలుగు గీత పడుతుంది, కంఠంలో చీకటి నిలుస్తుంది. ఆ చీకటి ఉండబట్టే పైన ఉన్న బరువంతా తేలికగా కనబడుతుంది. ఆ కంఠాన్ని కాస్త మందంగా వదిలి ఉంటే ఇది రోడ్డు పక్కన మైలురాయి అయ్యేది.

పీఠం మీద తామర. ప్రతి రేకు నడుమ ఉబ్బును సానపట్టి నల్లగా వదిలారు. అంచున సన్నని గీత కూడా నలుపే. ఈ రెంటి మధ్య సందును మాత్రం చుక్కచుక్కగా పొడిచారు. వేలితో తడిమితే చుక్కలన్నీ ఒకే లోతులో ఉన్నట్లు తెలుస్తుంది. రేకు మొదట్లో అవి ఒత్తుగా ఉంటాయి, కొసకు పోయేకొద్దీ పలచబడతాయి. అందువల్ల తెలుపు మెల్లమెల్లగా నలుపులో కలిసిపోతుంది. చిత్రకారుడు కుంచెతో తెచ్చే షేడింగు ఇక్కడ సుత్తి దెబ్బల లెక్కతో వచ్చింది. ఒక్క దెబ్బ బరువుగా పడితే చుక్క గొయ్యి అవుతుంది. దాన్ని పూడ్చే ఉపాయం ఏ శిల్పి దగ్గరా లేదు. చుట్టూ ఉన్న రాతినంతా ఆ లోతుకు దించుకోవాల్సిందే.

తామర పైన, స్తంభాల మధ్య నాలుగు వైపులా జాలీ. రాతిలో జాలీ అంటే కన్నాలు పెట్టడమే గదా అనిపిస్తుంది. కన్నం నిటారుగా తొలిస్తే రాతి మందమే వెలుగుకు అడ్డమై, ఎదురుగా నిలబడిన వాడికి తప్ప పక్కన ఉన్నవాడికి దీపం కనబడదు. ఇక్కడ ప్రతి కన్నాన్నీ లోపలివైపు ఏటవాలుగా విప్పారు. రాత్రి పూట వెలుగు పక్కలకు పరుచుకుంటుంది, బయటి అంచు మాత్రం పదునుగా, రాయి రేకంత పలచన అనిపించేలా ఉంటుంది. కన్నాల మధ్య మిగిలిన కడ్డీలు చిటికెన వేలంత కూడా లేవు. అన్నీ తొలిచాక ఆఖరి కన్నం దగ్గర ఒక కడ్డీ విరిగితే ఆ పలక మొత్తం పారేయాలి.

ఈ దీపంలో నాకు మరీ ముచ్చట గొలిపేది మాత్రం ఎవరూ చూడని చోట ఉంది. పైకప్పు చూరు కింద, వంగి చూస్తేగాని కనబడని గాడి ఒకటి చుట్టూ తిరుగుతుంది. వాన నీరు చూరు మీదుగా జారి, అడుగున వెనక్కి పాకి జాలీలోకి దిగకుండా ఆ గాడి దగ్గరే తెగి కింద రాలిపోతుంది. లోపల వైరు, హోల్డరు ఉన్న దీపానికి ఇంతకు మించిన అలంకారం ఏముంటుంది!

ఆళ్లగడ్డ మాకు నలభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. కర్నూలు నుంచి కడప పోయే నలభయ్యో నంబరు జాతీయ రహదారి మీదే ఉంది. అక్కడి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఎక్కువగా చేసేది దేవుడి విగ్రహాలే అయినా, చెప్పి చేయించుకుంటే ఇంటి వస్తువులూ చేసిస్తారు. మొదటి ముతక కోత ఇప్పుడు కట్టర్ మిషన్‌తో అవుతుంది. దుమ్ము మాత్రం భయంకరం. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే ఆగే దుమ్ము కాదది. కాని చివరి పని, అంటే రేకు మీది చుక్కలు, విగ్రహమైతే కళ్లు, ఇప్పటికీ ఉలీ సుత్తిదే. ముడిరాతిని తట్టి చూసి, మోగే తీరును బట్టి మంచి చెడ్డలు చెప్పే పద్ధతీ ఉంది. గంటలా ఖంగుమంటే లోపల బీటలు లేనట్లు. మొద్దుగా పలికితే అది మెట్లకు పనికొస్తుంది.

నంద్యాల పేరు మీద కూడా ఒక రాయి ఉందని ఇక్కడ చాలామందికి తెలియదు. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు ప్రాంతాల రాతి పొరల మీద పెద్ద నివేదిక రాశాడు. ఆ దారిలో వచ్చిన శాస్త్ర గ్రంథాల్లో బనగానపల్లె, నార్జి, అవుకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల అని మన ఊళ్లన్నీ రాతి పొరల పేర్లయి కూర్చున్నాయి. నార్జి పొరలోది సున్నపురాయి, ఇళ్లలో పరుచుకునే నాపరాయి. నంద్యాల పొర మాత్రం పలకలు పలకలుగా విడిపోయే షేల్. ఉలి పెడితే నిలవదు. పేరు మాది, ప్రతిభ ఆళ్లగడ్డది అన్నమాట.

ఇక కుడివైపు, బంగారు రంగు పడిన దీపం. దాన్ని చూస్తే రంగు ఏమి చేసిందో అర్థమవుతుంది. సానపట్టిన నున్నటి చోట ఎనామిల్‌కు పట్టు దొరకలేదు. ఎండకు, వానకు పొరలు పొరలుగా లేచింది, గోటితో గీరినా వస్తుంది. పొడిచిన చోట మాత్రం గుంట గుంటలోకీ దిగి గట్టిగా కరుచుకుంది. ఫలితం ఏమిటంటే నలుపు ఉండాల్సిన చోట నలుపు మళ్లీ బయటపడింది, తెలుపు ఉండాల్సిన చోట మాసిన ఇత్తడి రంగు కూర్చుంది. రేకు కొసన మెల్లగా పలచబడే ఆ చుక్కల లెక్క పోయింది. జాలీ కన్నాల అంచులు కూడా రంగు పొరలతో మొద్దుబారి, రాత్రి వెలుగు ఆకారం మసకబారింది.

"సరే, రంగు వద్దులే, వార్నిష్ కొడతాను, మెరుస్తాది" అన్నాడు పెయింటర్. తీసిపారేయాల్సిన సలహా కాదు, కాబట్టి కారణం చెప్పాలి. ఉలి తగిలిన చోట రాతి స్ఫటికాలు చిట్లి, లెక్కలేనన్ని చిన్న ముఖాలు తేలతాయి. అవి వెలుగును చెదరగొట్టడం వల్లే ఆ చోటు తెల్లగా కనబడుతుంది. ఆ ముఖాల మధ్య నీరు గాని, నూనె గాని, వార్నిష్ గాని నిండితే చెదరడం తగ్గి రాయి నల్లబడుతుంది. వానలో చూడండి, ఎడమ దీపం మీద తామర రేకులు మాయమై అంతా ఒకే నలుపు అవుతుంది. ఆరాక మళ్లీ రేకులు వస్తాయి. వార్నిష్ కొడితే ఇక ఎప్పటికీ రావు. గుళ్లో మూలవిరాట్టుకు తైలం పట్టించి నల్లగా ఉంచుతారంటే అది కోరి తెచ్చుకున్న నలుపు. మన దీపానికి తెలుపు కూడా కావాలి.

రాతికి రంగు వేయడమే తప్పని నేను అనను. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు నిండా 16వ శతాబ్దపు రంగుల చిత్రాలే. కాని అక్కడ ముందు రాతి మీద సున్నపు గార పూసి, దాని మీద బొమ్మలు వేశారు. ఆ పని మొదటినుంచీ రంగు కోసమే చేసింది. ఈ దీపాన్ని చేసిన మనిషి రంగు అవసరం లేకుండా చేశాడు. పని చేసినవాడు దేని మీద లెక్క వేసుకున్నాడో చూసి, దాన్ని బట్టి తేల్చుకోవాలన్నది నా పట్టుదల.

ఇదే కొలత హాల్లోని దీపానికి పెడితే జవాబు మారుతుంది. అది రాయి కాదు, నిమ్మలకుంట తోలు దీపం. ధర్మవరం దగ్గరి ఆ ఊళ్లో తోలుబొమ్మలాట కుటుంబాలు ఆటలు తగ్గాక అదే విద్యతో లాంప్‌షేడ్లు, తెరలు చేస్తున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగదీసి ఆరబెడితే వెలుగు దూరేంత పలచనవుతుంది. దాని మీద నల్ల గీతలతో బొమ్మ గీసి, చిన్న చిన్న ఉలులతో కన్నాలు కొట్టి, రంగు అద్దుతారు. మా దీపం మీది హనుమంతుడి మెడలోని ముత్యాల పేరుకు తెల్ల రంగు ఉండదు. అవి వట్టి కన్నాలు. బల్బు వేస్తేనే ముత్యాలవుతాయి. ఆ విషయంలో గేటు దగ్గరి జాలీకీ దీనికీ తేడా లేదు.

తేడా రంగులో ఉంది. ఇక్కడ రంగు మొదటినుంచీ పనిలో భాగం, ఎర్ర పంచె వెలిసిపోతే నిజంగానే ఏదో పోయినట్లు. అలాగని మన పెయింటర్ చేతికి ఇస్తే చెడుతుంది. తోలుకు అద్దేది వెలుగును పోనిచ్చే రంగు. ఎనామిల్ వెలుగును ఆపేస్తుంది. వేస్తే హనుమంతుడి పంచె పగలు ఎర్రగా, రాత్రి నల్లగా ఉంటుంది. అందుకే తోలు దీపం రంగు తేల్చుకోవాలంటే పట్టపగలు చూడకూడదు. కిటికీలు మూసి, బల్బు వేసి చూడాలి. మాది అలా చూస్తే నల్ల గీతలు చెక్కుచెదరలేదు, పచ్చ బాగానే ఉంది, కిటికీ వైపు ఎరుపు ఒక్కటే పోయింది. ఇన్నాళ్లూ లోపల వెలిగిన అరవై వాట్ల పాత బల్బు వేడికి పైఅంచున తోలు ముడుచుకుంది కూడా. వేడి తక్కువ, పసుపు కాంతి ఇచ్చే ఎల్‌ఈడీ పెడితే ఆ ముడుతలు పెరగవు.

చివరకు చేసినవి ఇవి. కుడివైపు రాతి దీపానికి రంగు తీసే జెల్ పూసి, వెదురు పుల్లతో, నైలాన్ బ్రష్‌తో గీకించాం. నున్నటి చోట హాయిగా వచ్చింది, చుక్కల్లో కొంత మిగిలింది. దాన్ని అలాగే వదిలేశాం. వైరు బ్రష్ పెడితే చుక్కలు అరుగుతాయి. బాత్రూం యాసిడ్ పోద్దామని ఇంకొకరు అన్నారు గాని, ఆ దీపం కూర్చున్న గట్టు నాపరాయి. సున్నపురాయి మీద యాసిడ్ పడితే బుసబుసా పొంగి రాతినే తింటుంది. లోపల హోల్డరును పట్టి ఉంచే ఇనుప పట్టీలు తుప్పు పట్టి రాతి మీదికి ఎర్ర మరక దించుతున్నాయని అప్పుడే కనబడింది. వాటిని విప్పి, గీకి, రెడాక్సైడు కొట్టించాం. మా దీపాలకు ఈసారి పడిన రంగు అంతే. బంగారు ఎనామిల్ డబ్బా అప్పటికే కొనేశాడు గనక పెయింటర్ దాన్ని గేటు కడ్డీల కొనలకు వాడాడు. మా బావమరిది సంతోషించాడు. తోలు దీపం పండగ వెళ్లాక నిమ్మలకుంటకు పోతుంది. ఎరుపు మళ్లీ అద్దాలా, ఆ ఒక్క ముక్కే మార్చాలా అన్నది అక్కడివాళ్లు వెలుగుకు పట్టి చూసి చెబుతారు.