ఒకే బెంచీ మీద సంపాదకుడూ చిత్రకారుడూ

1945లో, రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి నడిపిన ‘బాల’ పత్రికలో ఒక బడిపిల్లవాడి కథ అచ్చయింది. కథ పేరు ‘అమ్మ మాట వినకపోతే’. రాసింది ధవళేశ్వరంలో పుట్టి, మద్రాసు చేరిన ముళ్లపూడి వెంకటరమణ. అచ్చులో తన పేరు చూసుకున్న ఊపులో ఆ కుర్రవాడు ‘ఉదయభాను’ అని సొంత పత్రికే పెట్టేశాడు. సంపాదకుడు తనే. బొమ్మలకు నరసాపురంలో పుట్టిన మరో కుర్రవాడు, సత్తిరాజు లక్ష్మీనారాయణ. తర్వాత తెలుగువాళ్లందరికీ బాపుగా తెలిసింది ఆయనే. పోటీల్లో గెలుచుకున్న బహుమతి డబ్బులతో సైక్లోస్టైల్ యంత్రం కొని, కాపీలు తీసి అమ్మారు.

పత్రిక పెట్టడం గోదావరి ఒడ్డువాళ్లకు కొత్త సంగతేమీ కాదు. బడిపంతులుగా పనిచేసిన కందుకూరి వీరేశలింగం 1874లోనే ‘వివేకవర్ధని’ మొదలుపెట్టారు. ‘ఉదయభాను’లో కొత్తదనం మరోచోట ఉంది. రాసేవాడూ గీసేవాడూ ఇంచుమించు ఒకే ఈడు పిల్లలు, పక్కపక్కన కూర్చుని ఒకే కాగితం మీద ఆలోచించారు.

ఇవాళ చాలా బడి పత్రికల్లో జరిగేది దీనికి తలకిందులు. ముందు వ్యాసాలు పోగుచేస్తారు. వాటిని డీటీపీకి ఇస్తారు. అక్కడక్కడ ఖాళీ మిగిలితే ఇంటర్నెట్టులో దొరికిన పువ్వో చిలకో తెచ్చి అతికిస్తారు. మొదటి నాలుగు పుటలూ పెద్దల సందేశాలకే పోతాయి. ఆరో తరగతి పిల్ల పత్రిక చేతికి రాగానే తన పేరున్న పుట వెతుక్కుంటుంది, చూసుకుని మూసేస్తుంది. మిగతా పుటలు ఆమెను పిలవవు.

సైక్లోస్టైల్ పద్ధతి తెలిస్తే ఆ రోజుల పిల్లలకు దొరికిన శిక్షణ ఎలాంటిదో అర్థమవుతుంది. మైనం పూసిన పల్చటి స్టెన్సిల్ కాగితం మీద ఉక్కుమొన కలంతో గీకాలి. గీకినచోట మైనం లేచిపోతుంది. డ్రమ్ము తిప్పినప్పుడు సిరా ఆ సందుల్లోంచే కింది కాగితం మీదికి దిగుతుంది. నలుపు నింపుదామని పదేపదే గీకితే స్టెన్సిల్ చిరుగుతుంది. సున్నా గట్టిగా చుడితే లోపలి ముక్క ఊడి, అచ్చులో మచ్చ పడుతుంది. నీడలు, రంగులు కుదరవు కాబట్టి చెప్పదలచుకున్నదంతా గీతలోనే చెప్పాలి. ఒక్క గీతతో మనిషి వాలకాన్నంతా పట్టే బాపు నేర్పు వెనక ఇలాంటి సాధన ఏ కొంచెమైనా ఉండే ఉంటుందనిపిస్తుంది. ఆ బెంచీ స్నేహం ఏం పండించిందో 1956లో ఆంధ్రపత్రిక వీక్లీలో రమణ రాతతో, బాపు గీతతో వచ్చిన ‘బుడుగు’ చూస్తే చాలు. ఆ మాటల్నీ బొమ్మల్నీ విడదీసి చూడటం ఏ తెలుగు పాఠకుడికీ సాధ్యం కాదు.

అందుకే బడి పత్రిక పని డమ్మీతో, అంటే ఖాళీ నమూనా పుస్తకంతో మొదలవ్వాలి. నాలుగు ఎ4 తెల్లకాగితాలు ఒకదానిమీద ఒకటి పేర్చి మధ్యకు మడిస్తే 16 పుటల చిన్న పుస్తకం వస్తుంది. పుటల అంకెలు వేసి విప్పితే, పై కాగితం మీద ఒకవైపు 16, 1, రెండోవైపు 2, 15 కనిపిస్తాయి. పిల్లలు దీన్ని గారడీలా చూస్తారు. పుటల సంఖ్య నాలుగుతో ఎందుకు తెగాలో అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ డమ్మీ మీదే, కథ ఎక్కడినుంచి ఎక్కడిదాకా, బొమ్మ ఎంత మేర అన్నది రాసిన పిల్లా గీసే పిల్లాడూ కలిసి పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి.

తెలుగు అక్షరానికి వేరే మర్యాద ఉంది. మన లిపికి పైన తలకట్లు, గుడులు, కింద ఒత్తులు. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి మాటలు కింది పంక్తిలోకి దిగి, అక్కడి గుడిని తాకుతాయి. అంచేత ఇంగ్లీషు పుటకు సరిపోయిన పంక్తుల ఎడం తెలుగుకు చాలదు. మూడు నుంచి ఐదో తరగతి పిల్లలకైతే అక్షరం 14 పాయింట్లకు తగ్గకుండా, పంక్తుల మధ్య ధారాళంగా చోటు వదలాలి. కాలమ్ కూడా మరీ సన్నం కాకూడదు. ‘చదువుకుంటున్నప్పుడు’ అనే మాట ఒక్కటే సన్నటి కాలమ్‌లో పంక్తినంతా తినేస్తుంది. రెండంచులూ సమంగా రావాలని పట్టుపడితే మాటల మధ్య గుంటలు పడతాయి. ఎడమ అంచు సరిచేసి కుడివైపు వదిలేయడమే మేలు. మండలి, రామభద్ర, గిడుగు లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. ఒకటి చదవడానికి, ఒకటి శీర్షికలకు చాలు. ఆ మాటకొస్తే శీర్షికలు పిల్లల చేతిరాతలోనే ఉంటే ఇంకా బాగు. బాపు చేతిరాతే కదా తర్వాత కంప్యూటరు ఫాంటై, పెళ్లి శుభలేఖల దాకా వెళ్లింది!

ఇక విషయం. గోదావరి డెల్టా బడికి దాని కొరత లేదు. వరదల నెలలో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు లంక గ్రామాల పిల్లలకు ఎక్కాల్లా నోటికి వచ్చు. వాటిని పేరాగా రాసే బదులు పుట అంచున కింది నుంచి పైదాకా కొలబద్ద గీసి, ఒక్కో గుర్తు పక్కన ఆ రోజు తమ ఇంట్లో ఏం సర్దారో, పశువుల్ని ఎక్కడికి తోలారో రెండేసి మాటల్లో రాయిస్తే ఆ పుట వరద కథంతా చెబుతుంది. ఆత్రేయపురం పూతరేకు తయారీకి వరసగా ఆరు చిన్న బొమ్మలు చాలు: బోర్లించిన కుండ, కింద మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డ, కుండమీద ఒక్క విసురు, లేచిన రేకు, చక్కెర చల్లి వేసిన మడత. కడియం నర్సరీలో అంట్లు కట్టే అమ్మానాన్నలున్న పిల్ల తన పుట తనే గీయగలదు.

రాజమండ్రి పిల్లలకు మరో భాగ్యం, దామెర్ల రామారావు చిత్రశాల. 1897లో పుట్టి 1925లోనే వెళ్లిపోయిన ఆ చిత్రకారుడి పటాల ముందు ఒక పూట కూర్చోబెడితే, రాబోయే సంచికకు ముఖచిత్రం అక్కడే మొదలవుతుంది.

దిద్దుబాటు దగ్గర మాత్రం ఉపాధ్యాయులకు నిగ్రహం కావాలి. అక్షరదోషం దిద్దాలి, యాస దిద్దకూడదు. ‘ఆయ్’ అని జవాబిచ్చే అమలాపురం తాతయ్య పత్రికలోనూ ‘ఆయ్’ అనే అనాలి. బొమ్మలో ఆవుకు ఐదో కాలు ఉందా? గీసినవాణ్ణి అడగాలి. అది తోక కావచ్చు, దూడ కాలూ కావచ్చు.

జెరాక్సు నుంచి కాగితాలు వచ్చిన రోజున పిల్లలు వరండాలో నాలుగు దొంతరలు పెడతారు. వరసగా నడుస్తూ ఒక్కో దొంతరలోంచి ఒక్కో కాగితం తీసి, మడిచి, పెద్ద స్టాప్లరున్న సారు దగ్గరికి చేరవేస్తారు. అప్పుడెవరో పదకొండో పుటలో ఒక అమ్మాయి పేరుకు దీర్ఘం పడలేదని పట్టుకుంటారు. మడతలు ఆగిపోతాయి. ఆమె పక్కన మరో ఇద్దరు నల్ల పెన్నులు పట్టుకుని కూర్చుని, కాపీ తరవాత కాపీ తీసి, ఆ పేరుకు దీర్ఘం పెట్టుకుంటూ పోతారు.