రానోళ్ల లెక్క

జీర్ణనాళం గోడలో పుట్టే గిస్ట్ గడ్డని కోసి తీశాక, అది మళ్లీ వస్తుందో లేదో కణజాలం ముక్కే చెబుతుందంటారు. సీడీ117 పరీక్ష గడ్డ ఏదో గుర్తుపడుతుంది, అంతే. తిరగబెట్టే సంగతి చెప్పేవి గడ్డ సైజు, పుట్టిన చోటు, మైక్రోస్కోపు కింద లెక్కపెట్టిన కణవిభజనలు. 5 సెంటీమీటర్లు దాటినా, 50 ఫీల్డుల్లో 5 విభజనలు మించినా ప్రమాదం పెరుగుతుంది. సరే, ఒప్పుకుందాం.

పేచీ ఆ పట్టికలు తయారయ్యే తీరుతోనే. స్కానింగుకి తిరిగి రాని రోగిని 'సెన్సార్డ్' అని రాసి, చివరిసారి కనబడ్డ రోజుతో లెక్క ఆపేస్తారు. వచ్చినోళ్లకెంత ప్రమాదమో రానోళ్లకీ అంతేనన్న ఊహ మీద గ్రాఫు గీస్తారు. ఎట్లా కుదురుతుందది? రోజు కూలి, బస్సు చార్జీ, తోడొచ్చే మనిషి కూలి, ఇవన్నీ పోగొట్టుకోలేక ఆగిపోయేదెవరో మాలపల్లెలో, మాదిగ గూడెంలో ఎవర్నడిగినా చెబుతారు. మందు మధ్యలో ఆపేదీ వాళ్లే. ప్రమాదం ఎక్కువున్నోళ్లకి ఇమాటినిబ్ ఏడాది కన్నా మూడేళ్లు వాడితే మేలని 2012లో స్కాండినేవియా, జర్మనీ పరిశోధకులు తేల్చారు. మూడేళ్లు! మన రోగి మూడో నెలలోనే మాయమైతే, ఆ గడ్డ తిరగబెట్టిందని ఏ కాగితం మీదా పడదు.

వయసు, లింగం రాసుకునే పరిశోధకులు రానోళ్ల కులం, కూలి కూడా రాసి, ఆ పట్టిక పక్కనే అచ్చెయ్యాలి. మార్కరు గొప్పదనం గురించి అప్పుడు మాట్లాడుకుందాం.