రషోమన్: ఒక పేరు – పలు వాడుకలు

ఒక ఘటనను నలుగురు నాలుగు విధాలుగా చెప్పినప్పుడు ‘ఇది రషోమన్ వ్యవహారం’ అనడం విమర్శకులకు, పాత్రికేయులకు, న్యాయవాదులకు పరిపాటి అయింది. అకిరా కురోసావా చిత్రం 1950లో విడుదలై, 1951లో వెనిస్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారం పొందిన తరువాత ఈ జపాను మాట దేశదేశాల భాషల్లో చోటు సంపాదించుకున్నది. అయితే ఆ మాట తన అర్థాన్ని కూడా వెంట తెచ్చుకున్నదా అన్నది పరిశీలించవలసిన అంశం.

పేర్లు ఊళ్లు మారడం వింత కాదు. ఢిల్లీ పశ్చిమ భాగాన ఉన్న జనక్‌పురి పేరులో మిథిలాధిపతి ఉన్నాడు. అక్కడ మెట్రో దిగిన ప్రయాణికుడు శివధనుస్సు కోసం వెదకడు. ఆగ్రాలో రామలీల రోజుల్లో వెలిసే జనక్‌పురి మరొకటి. రెండూ ఒకే కథను ఆశ్రయించిన పేర్లు గనుక చిక్కు లేదు. రషోమన్ సంగతి వేరు. ఆ పేరు చేతులు మారిన ప్రతిసారీ దాని వెనుకనున్న కథే మారిపోయింది.

మొదట అది ఒక ద్వారం. 794లో జపాను రాజధానిగా ఏర్పడిన హేయాన్, అంటే నేటి క్యోటో నగరానికి, దక్షిణ సింహద్వారం. అసలు పేరు ‘రజోమన్’. నగర ప్రాకార ద్వారమని అర్థం. 980 నాటి తుఫానులో కూలిన ఆ కట్టడాన్ని మళ్లీ నిర్మించలేదు. నేడు అక్కడ ఒక శిలాఫలకం మాత్రమే ఉంది. తరువాతి కాలంలో కాన్‌జె నొబుమిత్సు రచించిన నో నాటకంలో ఆ ద్వారం రాక్షసుడికి, వీరుడికి మధ్య పోరాటరంగమైంది. లిపిలో ఒక అక్షరం మారి, ‘ప్రాకారం’ ఉన్న చోట ‘జీవితం’ వచ్చి చేరింది.

1915లో ర్యునొసుకె అకుతగావా ‘రషోమన్’ పేరుతో కథ రాశాడు. కొలువు పోయిన ఒక సేవకుడు శిథిల ద్వారం కింద వానకు నిలబడి, పస్తులుండి చావడమా, దొంగగా మారడమా అని తర్కించుకుంటాడు. పై అంతస్తులో శవాల తలవెంట్రుకలు పీకుతున్న ముసలిదాన్ని చూసి, ఆమె బట్టలు ఊడబెరుక్కొని పారిపోతాడు. ఇందులో హత్యా విచారణ లేదు, సాక్షులు లేరు. అవి ఉన్నది ఆయన 1922లో రాసిన ‘పొదల నడుమ’ అనే మరో కథలో. రెండింటికీ మూలం ‘కొన్‌జకు మొనొగతారిషూ’ అనే ప్రాచీన కథాసంపుటిలోని 29వ భాగం. ఈ సంపుటిలో మొదటి ఐదు భాగాలు భారతదేశానికి సంబంధించిన కథలు కావడం మన పాఠకులకు ఆసక్తికరం. కురోసావా మొదటి కథ నుంచి ద్వారాన్ని, రెండవ కథ నుంచి వ్యాజ్యాన్ని తీసుకొని చిత్రానికి ద్వారం పేరు పెట్టాడు. జపాను వారు మాత్రం తేలని సత్యాన్ని గురించి చెప్పేటప్పుడు ‘పొదల నడుమ’ అనే అంటారు.

ఇంతకూ ఆ వ్యాజ్యంలో ఏముంది? అడవిలో ఒక సమురాయ్ మరణించాడు, అతని భార్య మానభంగానికి గురైంది. బందిపోటు తానే చంపానంటాడు. భార్య తన చేతి బాకుతోనే అది జరిగి ఉండాలంటుంది. మృతుడు సోదె చెప్పే స్త్రీ నోట పలికి, తానే ఆత్మహత్య చేసుకున్నానంటాడు. ముగ్గురిలో ఎవరూ నేరాన్ని ఎదుటివారిపై నెట్టడం లేదు. ఎవరికి వారు ఆ మరణాన్ని తమ నెత్తిన వేసుకుంటున్నారు. బందిపోటుకు శౌర్యం, స్త్రీకి శీలం, సమురాయ్‌కి వంశగౌరవం ప్రాణం కన్నా మిన్న. శిక్ష తప్పించుకోవడానికి గాక, తమ బొమ్మను తాము కాపాడుకోవడానికి ఆడిన అబద్ధాలివి.

ఈ అంశం మరచినందువల్ల రెండు పొరపాట్లు జరుగుతున్నాయి. ఒకటి, దీన్ని అంధగజ న్యాయంతో కలిపివేయడం. ఏనుగును తడిమిన గుడ్డివారు అబద్ధమాడలేదు. తమకు అందినంత మేరకు నిజమే చెప్పారు. వారి మాటలను ఒకచోట కూర్చితే ఏనుగు రూపం కడుతుంది. కురోసావా సాక్షుల మాటలను ఎంత కూర్చినా సమురాయ్ మరణం తేలదు. రెండవది, ఒక శాఖ మరొక శాఖను, ఒక పక్షం మరొక పక్షాన్ని వేలెత్తి చూపే ప్రతి తగాదాకూ ఈ పేరు తగిలించడం. అది రషోమన్‌కు సరిగ్గా వ్యతిరేకం.

మన చలనచిత్రాల విషయంలోనూ ఇదే జరిగింది. ఎస్. బాలచందర్ తమిళ చిత్రం ‘అంద నాళ్’ (1954)లో 1943 నాటి మద్రాసుపై జపాను బాంబుదాడి రోజుల్లో ఒక రేడియో ఇంజనీరు హత్యకు గురవుతాడు. అనుమానాలు చుట్టుకొని తిరిగి, చివరకు హంతకులెవరో తేలుతుంది. కమల్‌హాసన్ ‘విరుమాండి’ (2004), తెలుగులో ‘పోతురాజు’, రెండు కథనాలు చెప్పి రెండవదే నిజమని నిర్ధారిస్తుంది. 2008లో నోయిడాలో జరిగిన జంట హత్యల ఆధారంగా మేఘనా గుల్జార్ తీసిన ‘తల్వార్’ (2015)లో భిన్నత్వం సాక్షులది కాదు, దర్యాప్తు సంస్థలది. మూడూ మూడు వేర్వేరు శిల్పాలు. మూడింటికీ ఒకే ముద్ర వేసినందువల్ల ఏ ఒక్కదాని ప్రత్యేకతా తెలియకుండా పోయింది.

1988లో మానవశాస్త్రవేత్త కార్ల్ హైడర్ ఒకే సమాజాన్ని అధ్యయనం చేసిన పండితులు విభేదించడాన్ని చర్చిస్తూ ‘రషోమన్ ప్రభావం’ అన్న మాటను తన వ్యాసానికి శీర్షికగా ఎంచుకున్నాడు. ఎందువల్ల విభేదిస్తున్నారని అడగడానికి ఆయన ఆ పేరును వాడితే, అనేకులు అడగడం మానివేయడానికి వాడుతున్నారు. మన న్యాయశాస్త్రం ఇంతకన్నా జాగ్రత్త గలది. 1872 నాటి సాక్ష్య చట్టం రుజువైనది, అసత్యమని తేలినది, రుజువు కానిది అని మూడు స్థితులను నిర్వచించింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఆ నిర్వచనాలను నిలుపుకొన్నది. ‘రుజువు కాలేదు’ అనడం సాక్ష్యాలను గురించి ఇచ్చిన తీర్పు. ‘సత్యమే లేదు’ అనడం విచారణను విడిచిపెట్టడం.

ఈ భేదం మాటల పట్టింపు కాదు. చిత్రంలోని కథనాలు ఎంత విరుద్ధమైనా బందిపోటు ఆ స్త్రీని చెరిచాడన్నది అన్నింటికీ సమ్మతమైన విషయం. దానిని అతడే కాదనలేదు. ‘ఎవరి నిజం వారిది’ అనేసరికి వివాదంలో లేని ఆ ఒక్క నిజం కూడా కొట్టుకుపోతుంది. బాధితురాలి గోడు నలుగురి మాటల్లో ఒక మాటగా మిగులుతుంది. ఒక అత్యాచారాన్ని, ఒక అల్లరిని, ఒక కరవును గురించి రాసేవారు ముందుగా అందరూ అంగీకరించినవేవో లెక్కగట్టి, ఆ తరువాతే విభేదాల జోలికి పోవాలి. ఎవరు ఏమి దాచారన్నది కూడా సాక్ష్యమే. కట్టెలు కొట్టేవాడు తన మొదటి వాఙ్మూలంలో బాకు ఊసెత్తలేదు; ఆ మౌనమే అతని దొంగతనాన్ని పట్టించింది.

అట్టి దొంగ, అట్టి అబద్ధికుడే చివర వర్షం వెలిసిన వేళ, ద్వారం వద్ద ఎవరో వదలిపోయిన పసికందును ఎత్తుకొని తన ఇంటి దారి పడతాడు. అకుతగావా కథలు రెండింటిలోనూ లేని ఈ ముగింపును కొందరు అతికినట్టు లేదన్నారు. కానీ నిజం తేలకపోయినా చేయవలసిన పని ఎదురుగా ఉంటుందని చెప్పడానికే కురోసావా దానిని చేర్చాడనిపిస్తుంది. పేరు ప్రపంచమంతా తిరిగింది; ఆ పసికందు మాత్రం ఇంకా చాలామంది కంటబడలేదు.