నైలు నదికి శ్రుతి చేసిన గొంతు

ఇథియోపియా వాద్యం క్రార్ వాయించేటప్పుడు వాదకుడి ఎడమ చేతిని చూడాలి. వాద్యంలో పెద్ద సరంజామా ఏమీ లేదు. చర్మం బిగించిన బుర్ర, రెండు కర్రలు, వాటిని కలుపుతూ పైన అడ్డకర్ర, అయిదో ఆరో తీగలు. కుడి చేయి తీగలన్నిటినీ ఒక్క ఊపున మీటుతుంది. మోగకూడని వాటిని ఎడమ చేతి వేళ్లు నొక్కిపట్టి ఉంచుతాయి, కావలసిన తీగని మాత్రం వదులుతాయి. ఆ వదలడంలోనే పాటంతా ఉంది. మసింకో ఇంకా విచిత్రం. దానికి గుర్రపు వెంట్రుకల తీగ ఒక్కటే. మసింకో వాదకుడు ఎండ్రిస్ హసన్ ఆ ఒక్క తీగ మీద కమాను లాగితే మనిషి ఏడ్చినట్టూ ఉంటుంది, ఎకసెక్కం ఆడినట్టూ ఉంటుంది.

ఇథియోపియా పాటకి ప్రధానంగా నాలుగు స్వరవరసలు, ఒక్కొక్క దాంట్లో అయిదేసి స్వరాలు. తిజిత వరసలో ఒక రకం అచ్చంగా మన మోహనం స్వరాలే. తెలుగు చెవి రెండు నిమిషాల్లో పట్టేస్తుంది. గమకం మాత్రం వేరు. వాళ్లది గొంతులో సన్నగా వణికే పలుకు. అంచిహోయె వరస దగ్గరికొస్తే మన లెక్కలు తప్పుతాయి. పంచమం ఉండదు, రెండు మధ్యమాలు పక్కపక్కనే కూర్చుంటాయి. దాన్ని నిలబెట్టి పాడగలిగినవాళ్లకు నా నమస్కారం.

ఈ సొత్తును ప్రపంచానికి మోసుకెళ్లినవారిలో పెద్దాయన ములాటు అస్తాత్కే. బోస్టన్‌లోని బెర్క్లీలో చదివి, 1966లో న్యూయార్క్‌లో రికార్డులు చేసి, ఇథియో జాజ్‌కు ఊపిరి పోశారు. 1974లో సైనిక ప్రభుత్వం వచ్చింది, కర్ఫ్యూలు వచ్చాయి, అడిస్ అబాబా రాత్రులు మూగబోయాయి. ఆ తరవాతి కథలో నాకు అందరికంటే ఇష్టమైన పేరు మెక్లిట్ హడెరో.

1980లో అడిస్ అబాబాలో పుట్టి, చిన్నతనంలోనే శరణార్థి కుటుంబపు బిడ్డగా అమెరికా చేరింది. యేల్‌లో రాజనీతి శాస్త్రం చదివింది, శాన్‌ఫ్రాన్సిస్కోలో పాటగత్తె అయింది. పాత పాటల్నే తిరిగి పాడుతూ కూర్చోకుండా ఇథియో జాజ్‌కు నీ వంతు ఏం చేరుస్తావో తేల్చుకోమని ఆమెను నిలదీసింది ములాటూయే. 2014 నాటి ‘వి ఆర్ అలైవ్’లో ఆ జవాబు వెతుకులాట వినిపిస్తుంది. 2017 ఆల్బమ్‌లో న్యూ ఆర్లియన్స్ ప్రిజర్వేషన్ హాల్ బృందం బూరలు, ఆండ్రూ బర్డ్ వయొలిన్ అన్నీ ఉన్నాయి. బాగుంది, కానీ కాస్త నగలు ఎక్కువయ్యాయి. క్రార్‌తో దాదాపు ఒంటరిగా పాడినప్పుడు ఆమె గొంతుకున్న గరుకుదనం నాకు ఎక్కువ ఇష్టం.

ఆమె అసలు ఘనత వేరే ఉంది. 2011లో నీలి నైలు మీద ఇథియోపియా మహా ఆనకట్ట మొదలుపెట్టింది, ఈజిప్టు భగ్గుమంది. అదే ఏడాది ఈజిప్టు సంగీత పరిశోధకుడు మీనా గిర్గిస్‌తో కలిసి మెక్లిట్ ‘నైల్ ప్రాజెక్ట్’ స్థాపించింది. పదకొండు దేశాల నది అది. ఆ దేశాల కళాకారులు 2013 జనవరిలో అస్వాన్‌లో కూడి పాటలు కట్టారు. ఆ జూన్‌లోనే ఈజిప్టు నాయకులు ఆనకట్టను దెబ్బతీసే మార్గాలు చర్చిస్తూ టీవీ ప్రత్యక్ష ప్రసారానికి దొరికిపోయారు! కృష్ణా జలాల పంచాయితీ ఎరిగినవాళ్లకు ఈ వేడి వేరే చెప్పక్కర్లేదు.

అస్వాన్‌లో చిక్కు శ్రుతి దగ్గరే వచ్చింది. అరబ్బు మకామ్‌లలో పావు స్వరాలుంటాయి, ఇథియోపియా వరసల్లో అయిదు స్వరాలే. ఒకరి పాటలోకి మరొకరు రావాలంటే ఎవరో ఒకరు తమ తీగ సవరించుకోవాలి, ముందు ఎదుటివాడి పాట నేర్చుకోవాలి. నదిని పంచుకోవడానికి ఇంతకన్నా మంచి బడి ఉంటుందా? కచేరీలతో ఆగకుండా విశ్వవిద్యాలయాల్లో విద్యార్థుల్ని కూర్చోబెట్టి నీటి గురించి మాట్లాడించారు కూడా. ‘అస్వాన్’ రికార్డు తరవాత ‘జింజా’ వచ్చింది. నా ఓటు మొదటిదానికే. ఆనకట్ట తగువు తీరలేదు, నిజమే. పాట తీర్చాలని ఎవరన్నారు? దేశాధినేతలు కూర్చోని చోట వీళ్లు కూర్చున్నారు.

ఇక నా కడుపుమంట. ఇథియోపియాలోనే క్రార్, మసింకో, బూరల బృందం ఉండాల్సిన చోట ఒక కీబోర్డు పెట్టి, దాని డ్రమ్ముల మీద ఒకడే పాడేస్తున్నాడు. బయటి దేశాల్లో ఇంకా ఘోరం. ములాటు రికార్డులోంచి నాలుగు గతులు కోసుకుని, అయిదు స్వరాలు తిరగేసి, ‘ఇథియోపియన్ మూడ్’ అని అమ్ముతున్నారు. ఎడమ చేయి ఎప్పుడు వదలాలో తెలియని సంగీతం అది. అయిదు స్వరాలే కదా అనుకునేవాళ్లకు అంచిహోయె పాడి చూపమనండి, తెలుస్తుంది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో సంగీతోత్సవాలు జరిపే పెద్దలకు ఒక మనవి. ఒక్క ఏడాదైనా ఒక క్రార్ వాదకుణ్ణి, ఒక మసింకో వాదకుణ్ణి పిలవండి. మన మోహనం తెలిసిన వీణ విద్వాంసుణ్ణి వాళ్ల పక్కన కూర్చోబెట్టండి. టిక్కెట్టు కొనేవాళ్లలో నేను ముందుంటాను.