దంపుడు పాటా, పాటల యంత్రమూ

బేగంపేటలో మా ఇంట్లో ఒక సాయంత్రం కుక్కర్ పెట్టి, లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. మాటల్లో అడిగితే పాట కట్టి ఇచ్చే కృత్రిమ మేధ పరికరమొకదాన్ని ‘తెలుగు స్త్రీల దంపుడు పాట’ అడిగాను. వయొలిన్లు వచ్చాయి. సన్నని, తీయని గొంతు వచ్చింది. రోకటిపోటు మాత్రం లేదు!

2023 చివర్లో సునో, 2024 ఏప్రిల్‌లో యూడియో జనంలోకి వచ్చాక ఇలా అడగడమే ఒక విద్య అయింది. అందులో రెండు దారులున్నాయి. ఒకే వాక్యాన్ని పట్టుకుని, ఒక్కో మాటే మారుస్తూ, ఫలితాన్ని రాసుకుంటూ పోవడం ఒకటి. తోచిన మాటల్లా విసిరి ఏం వస్తుందో చూడడం రెండోది.

మళ్ళీ మళ్ళీ చేయడమంటే మన ఆడవాళ్ళకి ఒళ్ళుమంట. రోజూ అదే వంట, అదే చాకిరీ! అందుకే అన్వేషణే స్వేచ్ఛ అనిపిస్తుంది. నాకూ అనిపించింది. వారం రోజులు వెన్నెల అన్నాను, తడిమట్టి అన్నాను, అలసట అన్నాను. పాటలు కుప్పలుగా వచ్చాయి. ఏది ఎందుకలా వచ్చిందో ఒక్కదానికీ చెప్పలేకపోయాను.

అప్పుడు దారి మార్చాను. సాహిత్యం అదే, వాక్యం అదే. మార్చింది ఒక్క మాటే: ‘స్త్రీ’, ‘ముసలి స్త్రీ’, ‘కూలి స్త్రీ’. ఈ పరికరాలు సంభావ్యతల మీద నడుస్తాయి కనుక అదే మాటకి ప్రతిసారీ వేరే పాట వస్తుంది. ఒక్క పాటతో ఏమీ తేలదు. అందుకని ఒక్కోటీ పదేసిసార్లు అడిగి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ‘స్త్రీ’ అంటే చాలావరకు పడుచు గొంతే. ‘కూలి స్త్రీ’ అంటే ఏడుపు. పనిచేసే మనిషి నవ్వదా, వెక్కిరించదా? ముప్ఫై పాటలతో సిద్ధాంతం చేయలేను గానీ, ప్రశ్నంటూ పుట్టింది.

ఏ స్త్రీ పాట అన్నది పాత ప్రశ్నే. తెలుగు స్త్రీల రామాయణ పాటల మీద వెల్చేరు నారాయణరావు 1991లో అచ్చయిన వ్యాసంలో బ్రాహ్మణ స్త్రీల పాటలకీ బ్రాహ్మణేతర స్త్రీల పాటలకీ ఉన్న తేడా చూపించారు. ‘స్త్రీ గొంతు’ అనే ఒక్క మాట ఆ తేడాని మింగేస్తుంది. తోచినట్టు అడుగుతూ పోతే ఆ మింగడం మనకి కనబడదు. కొత్తదనం అనుకున్నది యంత్రం అలవాటే కావచ్చు.

అలాగని అచ్చుపోసినట్టు ఒకే పాట రప్పించుకోవడమే గమ్యమైతే అదీ చాకిరీయే. కర్ణాటక సంగీతంలో నెరవల్ చూడండి. సాహిత్యంలో ఒక్క పంక్తి, తాళంలో దాని చోటు నిలబడి ఉంటాయి. రాగసంచారం మారుతూ పోతుంది. దంపుడు పాటలోనూ అంతే. ‘సువ్వి’ అన్న పల్లవీ, రోకటిపోటూ నిలబడతాయి. ఆ పూట కోపమో, వేళాకోళమో వాటిమధ్య కొత్తగా వచ్చి చేరుతుంది. నిలిచేదొకటి ఉంటేనే కదా, మారింది వినబడేది!

ఇప్పుడు మళ్ళీ తోచినట్టు అడుగుతున్నాను. ఈసారి నోట్‌బుక్ పక్కనే ఉంది. దేన్నుంచి పక్కకి తప్పుకోవాలో తెలిసింది.