ప్రజాభిప్రాయం పేరిట పైరవీ: ‘ఫ్రీ బేసిక్స్’ ప్రచారభాష – విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం:

ప్రభుత్వ నిర్ణయాలను తమకు అనుకూలంగా మలచుకోవడానికి వ్యాపారసంస్థలు చేసే ప్రయత్నాన్ని లాబీయింగ్ అంటున్నారు. తెలుగు వాడుకలో దీనికి దగ్గరి మాట ‘పైరవీ’. ఆ మాట వినగానే అధికారి గది, చాటుమాటు మంతనాలు స్ఫురిస్తాయి. అయితే సాంకేతిక సంస్థల పైరవీ వినియోగదారుల గొంతుతో బహిరంగంగానూ సాగగలదు. 2015-16లో ఫేస్‌బుక్ సంస్థ భారతదేశంలో నడిపిన ‘ఫ్రీ బేసిక్స్’ ప్రచారం ఇందుకు తగిన ఉదాహరణ.

నేపథ్యం:

2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ‘ఇంటర్నెట్.ఆర్గ్’ సేవను ప్రారంభించింది. ఎంపిక చేసిన కొన్ని వెబ్‌సైట్లను డేటా ఖర్చు లేకుండా చూడవచ్చు. మిగిలిన ఇంటర్నెట్‌కు డబ్బు చెల్లించాలి. తొలిదశలో ఈ సేవ అందిన ఆరు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. సేవ లభించిన భాషలలో తెలుగు ఒకటి. సెప్టెంబరులో దీని పేరు ‘ఫ్రీ బేసిక్స్’గా మారింది. డిసెంబరు 9న టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ (ట్రాయ్) డేటా సేవలకు వేర్వేరు ధరలు ఉండవచ్చునా అన్న అంశంపై సంప్రదింపుల పత్రం వెలువరించి, నాలుగు ప్రశ్నలకు సమాధానాలు కోరింది.

ప్రచారభాష:

ఫేస్‌బుక్ తన వినియోగదారుల ముందు సిద్ధంగా రాసిన ఒక సందేశం ఉంచి, దానిని ట్రాయ్‌కి పంపమని కోరింది. పత్రికలలో పూర్తిపేజీ ప్రకటనలు వెలువడ్డాయి. ‘డిజిటల్ సమానత్వం’ ఈ ప్రచారానికి కీలకపదం. సంస్థ అధినేత మార్క్ జుకర్‌బర్గ్ ఒక ఆంగ్ల దినపత్రికలో వ్యాసం రాసి, ఈ సేవను గ్రంథాలయంతో, ప్రభుత్వ వైద్యంతో, విద్యతో పోల్చారు.

ఈ పోలిక పరిశీలనకు నిలవదు. గ్రంథాలయంలోనూ అన్ని పుస్తకాలూ ఉండవన్నది నిజమే. కానీ ప్రజాధనంతో నడిచే గ్రంథాలయం పాఠకులకు జవాబుదారీ. అందులోని రచయితలతో దానికి పోటీ లేదు. ఇక్కడ ప్రవేశ నియమాలు నిర్ణయించే సంస్థ తానే అదే విపణిలో పోటీదారు. సమానత్వం అనే మాటలోనూ ఒక వైరుధ్యం ఉంది. ఇంటర్నెట్ లేని పేదల పేరిట ప్రచారం సాగింది. సందేశం పంపినవారు మాత్రం అప్పటికే ఫేస్‌బుక్‌లో ఉన్నవారు. ఎవరి కోసం వాదన జరిగిందో వారి మాట అందులో వినిపించే వీలే లేదు.

ప్రత్యర్థులు కూడా ముసాయిదా లేఖలనే వాడారన్న ఆక్షేపణను తోసిపుచ్చరాదు. 2015 ఏప్రిల్‌లో ‘సేవ్ ది ఇంటర్నెట్’ ఉద్యమం ద్వారా ట్రాయ్‌కి పది లక్షలకు పైగా ఈ-మెయిళ్లు చేరాయి. అయితే ఆ ముసాయిదా ట్రాయ్ అడిగిన ప్రశ్నలకు సమాధానాలుగా రూపొందింది. ఫేస్‌బుక్ సందేశం ప్రశ్నలను దాటవేసి ఒక పథకానికి మద్దతు ప్రకటించింది. ఈ ధోరణి సంప్రదింపులను సంఖ్యాబలం తేల్చే అభిప్రాయసేకరణగా దిగజారుస్తుందని 2016 జనవరిలో ట్రాయ్ ఆ సంస్థకు రాసిన లేఖలో తప్పుపట్టింది. ఫిబ్రవరి 8న వివక్షాపూరిత డేటా ధరలను నిషేధించింది. ఉల్లంఘనకు రోజుకు రూ. 50 వేల చొప్పున, గరిష్ఠంగా రూ. 50 లక్షల వరకు జరిమానా విధించింది. కొద్దిరోజులకే ఫేస్‌బుక్ ఈ సేవను దేశంలో ఉపసంహరించుకుంది.

ముగింపు:

ఈ ప్రచారం విఫలమవడానికి ఒక ముఖ్యకారణం సంప్రదింపులు లిఖితరూపంలో, బహిరంగంగా జరగడం. ప్రశ్న, జవాబు రెండూ కళ్లెదుట ఉన్నందువల్లనే వాటి మధ్య అంతరం బయటపడింది. కార్యాలయాలలో జరిగే మంతనాలకు ఈ పరీక్ష లేదు. అమెరికాలో 1995 నాటి చట్టం ప్రకారం లాబీయింగ్ చేసేవారు నమోదు చేసుకొని, ఖర్చు వెల్లడించాలి. భారతదేశంలో అటువంటి ప్రత్యేక చట్టం లేదు. అందువల్ల ఇక్కడి పరిశోధకులకు పైరవీలో బహిరంగమైన భాగం మాత్రమే అందుతోంది. ఆ భాగమైనా తక్కువది కాదు: ట్రాయ్ తనకు అందిన అభిప్రాయాలను ప్రచురిస్తోంది. భాషాసాహిత్య విమర్శ ఇంతవరకు అంతగా పట్టించుకోని ఆ పత్రాలను పాఠ్యాలుగా చదవవలసిన అవసరం ఉంది.