పాగ్‌చాంప్: ముఖం పోయినా మిగిలిన భావం

ట్విచ్ వంటి లైవ్‌స్ట్రీమ్ వేదికల్లో తెర పక్కనే సాగే చాట్‌లో, ఒక నిర్ణీత పదం టైపు చేయగానే దాని చోట కనిపించే బుల్లి బొమ్మను ఎమోట్ అంటారు. వేలాది మంది ఒకేసారి రాస్తున్నప్పుడు పూర్తి వాక్యం చదివేలోగానే పైకి జరిగి కనుమరుగవుతుంది కనుక, ఒకే బొమ్మ వరుస వెంట వరుసగా నిండినప్పుడే ఆ సమూహం ఏమనుకుంటున్నదో తెలుస్తుంది. ఈ బొమ్మలను పిల్లచేష్టలుగా కొట్టిపారేయడం తగదు.

పట్టరాని ఆశ్చర్యాన్నీ ఉత్సాహాన్నీ తెలిపే పాగ్‌చాంప్ చరిత్ర ఇందుకు మంచి నిదర్శనం. నోరు తెరిచి, కళ్లు విప్పార్చిన ఆ ముఖం గూటెక్స్ అనే పేరుతో ప్రసిద్ధుడైన 'స్ట్రీట్ ఫైటర్' వీడియో గేమ్ ఆటగాడు రయాన్ గుటియరెజ్‌ది; 2010 నాటి ఒక వీడియో చిత్రీకరణలో దొర్లిన తడబాట్ల నుంచి తీసుకున్న ఆ చిత్రం 2012లో ట్విచ్ చాట్‌లోకి వచ్చింది. పేరు మాత్రం అతడే కనిపించిన మరో ప్రచార వీడియో నుంచి వచ్చింది. అందులో ఆడిన పాగ్స్ అనేది గుండ్రటి అట్టబిళ్లల ఆట కాగా, ఆ ఆటకు పేరిచ్చినది హవాయిలో పాషన్‌ఫ్రూట్, నారింజ, జామ రసాలు కలిపి చేసే పానీయం. పండ్లరసం సీసా మూత మీది మూడక్షరాలు ఇంత దూరం ప్రయాణించి ఒక తరం ఆశ్చర్యార్థకంగా స్థిరపడటం నిజంగా అబ్బురమే.

2021 జనవరి 6న అమెరికా పార్లమెంటు భవనంపై దాడి జరిగినప్పుడు, మరింత హింసను ప్రోత్సహించేలా గుటియరెజ్ వ్యాఖ్యలు చేయడంతో ట్విచ్ ఆ బొమ్మను తొలగించింది. అయితే దాని అర్థం బొమ్మలోని వ్యక్తి కంటే విస్తృతమైనదని భావించి, అదే పేరుతో రోజుకొక స్ట్రీమర్ ముఖాన్ని పెట్టసాగింది. అలా ఎంపికైనవారిలో కొందరు దూషణలకూ వేధింపులకూ గురికావడం ఈ కథలో అత్యంత బాధాకరమైన ఘట్టం. చివరికి ఫిబ్రవరిలో ప్రేక్షకుల ఓటుతో, నోరు తెరిచిన కొమోడో డ్రాగన్ అనే పెద్ద బల్లి ఆ స్థానానికి వచ్చింది.

జపాన్ జానపద కథల్లోని జలచరం పేరు పెట్టుకున్న కప్పా ఎమోట్‌లోనూ ఉన్నది ఆ సంస్థ మాజీ ఉద్యోగి ముఖమే. రాసినదాన్ని నిజమని తీసుకోవద్దని సూచించే ఆ బొమ్మకు ఇటువంటి గతి పట్టలేదు. అయినా అందరూ వాడుకునే గుర్తుకు బతికున్న మనిషి ముఖాన్ని ఎంచడం ఆ మనిషికీ, వాడేవారికీ క్షేమం కాదు. బల్లిని ఎన్నుకున్న ప్రేక్షకుల నిర్ణయమే సరైనది.